గొట్టాలలో నానోద్రవాల ప్రవాహం: ఉష్ణబదిలీ వృద్ధి, స్నిగ్ధత భారం – హైదరాబాదు ప్రయోగాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

నీటిలోగానీ, ఇథిలీన్ గ్లైకాల్ వంటి ద్రవాలలోగానీ అతిసూక్ష్మ ఘనకణాలను కలిపి తయారుచేసే నానోద్రవాలు మామూలు ద్రవాలకన్నా ఎక్కువ వేడిని గ్రహించి మోసుకుపోతాయన్న ప్రతిపాదన మూడు దశాబ్దాలుగా పరిశోధనరంగంలో ఉంది. కణాలు కలిసిన ద్రవం చిక్కబడుతుంది. చిక్కబడిన ద్రవాన్ని గొట్టంలో నడిపించడానికి పంపు ఎక్కువ విద్యుత్తును ఖర్చుచేయాలి. ఈ లాభనష్టాలను ఏ ప్రమాణం మీద తూచాలన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన పరిశోధకులు ప్రచురించిన ఫలితాలను ఆధారంగా తీసుకుని, సమాన రేనాల్డ్స్ సంఖ్య దగ్గర చేసే పోలిక స్నిగ్ధత నష్టాన్ని కప్పిపుచ్చడమే కాక దాన్ని లాభంగా చూపుతుందని, సమాన పంపు శక్తి దగ్గర చేసే పోలికే న్యాయమైనదని ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలక పదాలు: నానోద్రవాలు, స్నిగ్ధత, ఉష్ణవాహకత, రేనాల్డ్స్ సంఖ్య, పంపు శక్తి, సంక్షుబ్ధ ప్రవాహం, మాగ్నటైట్.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాదు బేగంపేటలో వరుసగా నిలిచిన బహుళ అంతస్తుల కార్యాలయ భవనాలను వేసవి మధ్యాహ్నం చల్లగా ఉంచే పనిలో గొట్టాలలో తిరిగే నీటికి పెద్ద పాత్ర ఉంది. చల్లబరచిన నీటిని పంపులు పై అంతస్తులకు నెడతాయి. ఆ నీరు గదులలోని వేడిని గ్రహించి తిరిగివస్తుంది. భవన నిర్వాహకుడికి ముఖ్యమైనవి రెండే: ఎంత వేడి తొలగింది, అందుకు ఎంత కరెంటు ఖర్చయింది. మొదటిది పెరిగినా రెండవది అంతకుమించి పెరిగితే అతనికి ఒరిగేదేమీ లేదు.

బేగంపేట నుండి అమీర్‌పేట మీదుగా పడమటికి సాగితే కూకట్‌పల్లి వస్తుంది. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గొట్టాలలో నానోద్రవాల ప్రవాహంపై జరిగిన కృషి అంతర్జాతీయ పత్రికలలో ప్రచురితమై, ఈ రంగంలో పనిచేసేవారికి సుపరిచితమైంది. ప్రయోగశాలలో లభించిన వృద్ధి శాతానికీ, భవన నిర్వాహకుడు అడిగే ప్రశ్నకూ మధ్య ఒక లెక్క మిగిలి ఉంది. ఆ లెక్కను పూర్తిచేయడం ఈ వ్యాస లక్ష్యం.

2. రెండు సూత్రాలు: లాభం, నష్టం

లోహాలూ లోహ ఆక్సైడులూ నీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తాయి. అటువంటి కణాలను ద్రవంలో కలిపితే ద్రవ వాహకత పెరగాలి. ఎంత పెరుగుతుందో లెక్కకట్టే సూత్రాన్ని మాక్స్‌వెల్ 1873లోనే ఇచ్చాడు. కణాల వాహకత ద్రవ వాహకతకన్నా బాగా ఎక్కువైనప్పుడు, ఘనపరిమాణంలో ఒక శాతం కణాలు కలిపితే వాహకత సుమారు మూడు శాతం పెరుగుతుందన్నది ఆ సూత్ర సారాంశం. పెద్ద కణాలు అడుగున పేరుకుంటాయి, గొట్టాలను అరగదీస్తాయి. అందువల్ల ఈ ఆలోచన చాలాకాలం ఆచరణకు దూరంగా ఉండిపోయింది. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన స్టీఫెన్ చోయ్ 1995లో నానోమీటర్ల పరిమాణంలోని కణాలతో ఈ ద్రవాలను ప్రతిపాదించి వాటికి నానోఫ్లూయిడ్లు అని పేరుపెట్టాడు. 2001లో ఈస్ట్‌మన్, చోయ్ బృందం ఇథిలీన్ గ్లైకాల్‌లో 0.3 శాతం రాగి కణాలతో వాహకత 40 శాతం వరకు పెరిగిందని ప్రకటించడంతో ఈ రంగంపై ఆసక్తి ఒక్కసారిగా ఎగసింది.

స్నిగ్ధత విషయంలో మూలసూత్రం ఐన్‌స్టీన్‌ది. ఆయన 1906లో ఇచ్చిన సూత్రంలో గుణకం 1గా ఉంది. ప్రయోగ ఫలితాలు దానితో సరిపడకపోవడంతో లెక్కను తిరిగి పరిశీలించి 1911లో దాన్ని 2.5గా సవరించారు. అంటే ఒక శాతం కణాలకు స్నిగ్ధత 2.5 శాతం పెరుగుతుంది. ఐన్‌స్టీన్ లెక్కనే ప్రయోగం సరిదిద్దిందన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఈ రెండు సూత్రాలనూ పక్కపక్కన పెడితే లాభం మూడు, నష్టం రెండున్నర. కాగితం మీద నానోద్రవం గట్టెక్కుతుంది. చిక్కు ఏమిటంటే, ఐన్‌స్టీన్ సూత్రం విడివిడిగా తేలే గోళాకార కణాలకు, అదీ పలుచని మిశ్రమానికి మాత్రమే వర్తిస్తుంది. నిజమైన నానోకణాలు గుంపులు కడతాయి. ప్రతి గుంపూ తన సందుల్లో కొంత ద్రవాన్ని బంధించి, అసలు పరిమాణంకన్నా పెద్ద కణంలా ప్రవర్తిస్తుంది. అందుకే కొలిచిన స్నిగ్ధత సూత్రాన్ని దాటిపోతుంది. 1998లో పాక్, ఛో ప్రచురించిన ప్రయోగం ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. నీటిలో 10 శాతం అల్యూమినా కలిపినప్పుడు స్నిగ్ధత నీటికన్నా సుమారు 200 రెట్లు కాగా, అంతే పాళ్లలో టైటానియా కలిపినప్పుడు సుమారు 3 రెట్లు మాత్రమే అయింది. కణాల శాతం ఒక్కటే స్నిగ్ధతను నిర్ణయించదని ఈ రెండు సంఖ్యలే చెబుతున్నాయి. అదే ప్రయోగంలో సమాన వేగం దగ్గర పోల్చినప్పుడు, 3 శాతం కణాలు ఉన్న ద్రవపు ఉష్ణబదిలీ గుణకం నీటికన్నా 12 శాతం తక్కువగా తేలింది.

3. పోలికకు ప్రమాణం ఏది?

గొట్టంలో ప్రవాహ స్వభావాన్ని సూచించేది రేనాల్డ్స్ సంఖ్య. వేగం, గొట్టపు వ్యాసం, సాంద్రతల లబ్ధాన్ని స్నిగ్ధతతో భాగిస్తే అది వస్తుంది. ఉష్ణబదిలీ పాఠ్యగ్రంథాలన్నీ ఫలితాలను ఈ సంఖ్య ఆధారంగానే చూపుతాయి. రెండు ప్రవాహాల భౌతిక సారూప్యతను పరిశీలించడానికి ఈ పద్ధతి సరైనదే. రెండు ద్రవాలలో ఏది ప్రయోజనకరమో తేల్చడానికి మాత్రం ఇది తగిన త్రాసు కాదు. స్నిగ్ధత హారంలో ఉన్నందువల్ల, చిక్కని ద్రవానికి అదే రేనాల్డ్స్ సంఖ్య రావాలంటే దాన్ని మరింత వేగంగా నడపాలి. వేగం పెరిగితే ఏ ద్రవమైనా ఎక్కువ వేడిని తీసుకుపోతుంది.

ఒక ఊహాత్మక ద్రవాన్ని తీసుకుందాం. దాని వాహకత, సాంద్రత, విశిష్టోష్ణం అచ్చంగా నీటివే. స్నిగ్ధత మాత్రం 20 శాతం ఎక్కువ. ఉష్ణబదిలీ విషయంలో ఈ ద్రవానికి ఏ సుగుణమూ లేదు. సంక్షుబ్ధ ప్రవాహానికి వాడుకలో ఉన్న డిట్టస్–బోల్టర్ సమీకరణాన్ని దీనికి వర్తింపజేస్తే, సమాన రేనాల్డ్స్ సంఖ్య దగ్గర దీని ఉష్ణబదిలీ గుణకం నీటికన్నా 7.6 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. సమాన వేగం దగ్గర 7 శాతం, సమాన పంపు శక్తి దగ్గర 8 శాతం తక్కువగా తేలుతుంది. మొదటి పోలికలో కనిపించిన ఆ వృద్ధికి చెల్లించిన వెల పంపు శక్తిలో 73 శాతం పెరుగుదల. అంటే ఈ పోలికలో స్నిగ్ధత ఎంత పెరిగితే ద్రవం అంత మేలైనదిగా కనిపిస్తుంది. లోపాన్ని గుణంగా చూపే కొలబద్దను తీర్పుకు వాడరాదు.

మరి న్యాయమైన ప్రమాణం ఏది? స్తరీయ ప్రవాహానికి సంబంధించి రవి ప్రషేర్ తదితరులు 2006లో ఒక సులభమైన నియమాన్ని ఇచ్చారు. బాగా స్థిరపడిన స్తరీయ ప్రవాహంలో ఉష్ణబదిలీ గుణకం వాహకతకు అనులోమంగా, గొట్టపు వ్యాసానికి విలోమంగా ఉంటుంది. నానోద్రవం ఇచ్చే లాభాన్ని సాధారణ ద్రవంతోనే పొందాలంటే గొట్టాన్ని సన్నగా చేయాలి. అలా చేస్తే పీడన నష్టం వ్యాసపు నాలుగవ ఘాతం ప్రకారం పెరుగుతుంది. అందువల్ల స్నిగ్ధత పెరుగుదల వాహకత పెరుగుదలకు నాలుగు రెట్లు దాటనంతవరకు నానోద్రవం నష్టదాయకం కాదు.

పారిశ్రామిక గొట్టాలలో తరచుగా ఉండేది సంక్షుబ్ధ ప్రవాహం. అక్కడ సమాన పంపు శక్తి దగ్గర ఉష్ణబదిలీ గుణకం వాహకత 0.6వ ఘాతంతో పెరిగి, స్నిగ్ధత సుమారు 0.46వ ఘాతంతో తగ్గుతుంది. కణాల వల్ల సాంద్రత పెరిగి విశిష్టోష్ణం తగ్గుతుంది గాని, ఆ రెండూ చాలావరకు ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. కాబట్టి స్వల్ప మార్పులకు నియమం ఇలా తేలుతుంది: స్నిగ్ధత పెరుగుదల వాహకత పెరుగుదలకు సుమారు 1.3 రెట్లు దాటరాదు. స్తరీయ ప్రవాహంలో 4 రెట్ల వరకు ఉన్న వెసులుబాటు సంక్షుబ్ధ ప్రవాహంలో మూడోవంతుకు కుదించుకుపోతుంది. స్తరీయ ప్రవాహ నియమాన్ని చూసి సంక్షుబ్ధ ప్రవాహంలోనూ ధైర్యం చెప్పుకోవడం పొరపాటు.

4. హైదరాబాదు ప్రయోగాలు: బలమూ, మిగిలిన ప్రశ్నా

కె.వి. శర్మ, ఎల్. శ్యామ్ సుందర్, పి.కె. శర్మ 2009లో ప్రచురించిన పత్రం అల్యూమినా నానోద్రవాన్ని వృత్తాకార గొట్టంలో, స్తరీయానికీ సంక్షుబ్ధానికీ నడుమ ఉండే సంధి దశలో పరిశీలించింది. గొట్టంలో మెలితిప్పిన లోహపు పట్టీలను అమర్చి కూడా ప్రయోగాలు చేశారు. 0.1 శాతం కణాలతో రేనాల్డ్స్ సంఖ్య 9000 దగ్గర ఉష్ణబదిలీ గుణకం నీటికన్నా 23.7 శాతం ఎక్కువగా నమోదైంది. పట్టీ అమర్చినప్పుడు ఘర్షణ గుణకం గరిష్ఠంగా, ఖాళీ గొట్టంలో ప్రవహించే నీటికి 1.21 రెట్లు ఉంది. ఉష్ణబదిలీతో పాటు ఘర్షణను కూడా కొలిచి ప్రకటించడం ఈ పత్రానికి ఉన్న మొదటి బలం. నీటికీ నానోద్రవానికీ, ఖాళీ గొట్టానికీ పట్టీ ఉన్న గొట్టానికీ ఒకే సమీకరణాన్ని రూపొందించడం రెండవది.

ఈ పత్రాన్ని పై విమర్శతో తోసిపుచ్చడం న్యాయం కాదు. 0.1 శాతం కణాల వల్ల సూత్రాల ప్రకారం స్నిగ్ధత పెరిగేది పావు శాతం, వాహకత పెరిగేది 0.3 శాతం. సమాన రేనాల్డ్స్ సంఖ్య అనే పోలిక వల్ల కలిగే భ్రమ ఇంత పలుచని ద్రవంలో అర శాతానికి చేరదు. అయినా కొలతలో 23.7 శాతం వచ్చింది. అంటే ఇక్కడి ప్రశ్న స్నిగ్ధతది కాదు, కారణానిది. ఏక ద్రవ ప్రవాహానికి చెందిన నీలిన్‌స్కీ సమీకరణం తమ నీటి కొలతలకు సరిపోయి, నానోద్రవానికి సరిపోలేదని రచయితలే చెప్పారు. దీనికి భిన్నంగా 2008లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన విలియమ్స్, బొంజోర్నో, హూ అల్యూమినా, జిర్కోనియా ద్రవాలతో సంక్షుబ్ధ ప్రవాహంలో ప్రయోగాలు చేశారు. కొలిచిన ధర్మాలను ప్రతిక్షేపిస్తే పాత సమీకరణాలే చాలునని, అసాధారణ వృద్ధి ఏదీ లేదని వారు తేల్చారు. రెండు ప్రయోగాల ప్రవాహ దశలు ఒకటి కావు. సంధి దశలో గొట్టపు ముఖద్వారం ఆకృతి, ప్రవాహంలోని చిన్న అలజడి కూడా ఫలితాన్ని మార్చగలవు. ఈ వైరుధ్యాన్ని తీర్చేది వాదన కాదు, మరొక ప్రయోగశాలలో అదే ద్రవంతో జరిగే పునఃప్రయోగం. వాహకత విషయంలో 2009లో అలాంటి ప్రయత్నం జరిగింది. ముప్పైకి పైగా సంస్థలు ఒకే నమూనాలను విడివిడిగా కొలిచి, అసాధారణ వృద్ధి లేదని, మాక్స్‌వెల్ సంప్రదాయానికి చెందిన సిద్ధాంతమే ఫలితాలను వివరిస్తోందని నిర్ధారించాయి.

పట్టీ ప్రయోగాల విషయంలో పాఠకుడు మరొక జాగ్రత్త పాటించాలి. 1.21 రెట్లు అన్న సంఖ్యకు ఆధారం ఖాళీ గొట్టంలోని నీరు. అందులో పట్టీ ప్రభావమూ కణాల ప్రభావమూ కలిసి ఉన్నాయి. కణాల పాలెంతో తెలియాలంటే పట్టీ ఉన్న గొట్టంలో నీటిని, అదే గొట్టంలో నానోద్రవాన్ని పోల్చాలి. ఈ పద్ధతి పాఠకుడికి మాత్రమే కాదు, పరిశోధన పత్రాల సంగ్రహాలలో ఏ సంఖ్యను ముందుపెట్టాలో నిర్ణయించే పరిశోధకుడికి కూడా అవసరం.

5. మాగ్నటైట్ ద్రవం: పంపును లెక్కలోకి తీసుకుంటే

స్నిగ్ధత భారం నిజంగా ముందుకు వచ్చేది కణాల శాతం పెరిగినప్పుడు. శ్యామ్ సుందర్, ఎం.టి. నాయక్, కె.వి. శర్మ తదితరులు 2012లో మాగ్నటైట్ కణాలతో చేసిన ప్రయోగంలో, 0.6 శాతం దగ్గర ఉష్ణబదిలీ గుణకం 30.96 శాతం, ఘర్షణ గుణకం 10.01 శాతం పెరిగాయి. పైకి చూస్తే ముప్పై ఒకటి లాభం, పది నష్టం. ఈ రెండింటినీ ఇలా నేరుగా తీసివేయరాదు. ఘర్షణ గుణకం పీడన నష్టం కాదు. అది వేగపు వర్గంతో భాగించగా మిగిలిన నిష్పత్తి. సమాన రేనాల్డ్స్ సంఖ్య దగ్గర పంపు శక్తి, ఘర్షణ గుణకంతో పాటు స్నిగ్ధత ఘనంపైనా ఆధారపడుతుంది.

స్నిగ్ధతకు రెండు విలువలను ఊహించి లెక్క చూద్దాం. అది నీటికన్నా 10 శాతం ఎక్కువైతే పంపు శక్తి సుమారు 1.4 రెట్లు కావాలి. అదే అదనపు శక్తిని మామూలు నీటికి ఇస్తే, నీరు మరింత వేగంగా ప్రవహించి తానే 10 శాతం ఎక్కువ ఉష్ణబదిలీ గుణకాన్ని ఇస్తుంది. అప్పటికీ నానోద్రవానికి దాదాపు 19 శాతం ఆధిక్యం మిగులుతుంది. స్నిగ్ధత 30 శాతం ఎక్కువైతే పంపు శక్తి 2.3 రెట్లు కావాలి. అంత శక్తితో నీరు కూడా 27 శాతం వృద్ధిని చూపుతుంది. అప్పుడు నానోద్రవానికి మిగిలే ఆధిక్యం మూడు శాతం. కొలిచిన 30.96 శాతం మారలేదు. దాని అర్థం మాత్రం పూర్తిగా మారిపోయింది. స్నిగ్ధత విలువను పక్కన ఉంచి చదవని వృద్ధి శాతం సగం వాక్యం వంటిది.

ఈ కృషికి కొనసాగింపుగా శ్యామ్ సుందర్, పోర్చుగల్‌కు చెందిన సహ పరిశోధకులతో కలిసి 2013లో మాగ్నటైట్ ద్రవపు ధర్మాలను ప్రకటించారు. 2 శాతం కణాలతో, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాహకత 48 శాతం పెరగగా, స్నిగ్ధత 2.96 రెట్లు నమోదైంది. లాభంతోపాటు నష్టాన్ని కూడా నిర్మొహమాటంగా ప్రకటించినందువల్లనే ఈ లెక్క సాధ్యమవుతోంది. ఆ విలువలను పాత సమీకరణాలలో ప్రతిక్షేపిస్తే, సంక్షుబ్ధ ప్రవాహంలో ఒకే ద్రవానికి మూడు తీర్పులు వస్తాయి. సమాన రేనాల్డ్స్ సంఖ్య దగ్గర ఉష్ణబదిలీ గుణకం సుమారు 89 శాతం ఎక్కువ. సమాన వేగం దగ్గర సుమారు 15 శాతం తక్కువ. సమాన పంపు శక్తి దగ్గర సుమారు 22 శాతం తక్కువ. మొదటి తీర్పులోని 89 శాతం కోసం పంపు 22 రెట్ల శక్తిని వెచ్చించాలి. స్తరీయ ప్రవాహంలో మాత్రం ఇదే ద్రవం గట్టెక్కుతుంది. 1.48 నాలుగవ ఘాతం 4.8, అది 2.96 కన్నా ఎక్కువ. అంటే ఈ ద్రవం సన్నని గొట్టాలలో మెల్లగా పారే చోట పనికివస్తుంది, వేగంగా పారే చోట భారమవుతుంది. ద్రవాన్ని మెచ్చుకోవడమో తోసిపుచ్చడమో కాక, దానికి తగిన చోటును నిర్ణయించడమే విమర్శ చేయవలసిన పని.

6. ఎదురయ్యే ఆక్షేపణలు

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. రేనాల్డ్స్ సంఖ్య ఆధారంగా ఫలితాలను చూపడం ప్రపంచమంతటా ఉన్న ఆనవాయితీ కదా, హైదరాబాదు పరిశోధకులను మాత్రమే ప్రశ్నించడమెందుకన్నది మొదటిది. ఇది వారొక్కరి పద్ధతి కాదన్నది నిజమే. ఇక్కడి ప్రశ్న వ్యక్తులది కాదు, ఆనవాయితీది. మన విశ్వవిద్యాలయాలలో ఇదే అంశంపై పరిశోధన చేపట్టే విద్యార్థులు మొదట చదివేవి ఈ పత్రాలే కనుక వాటిని సరిగా చదివే పద్ధతి ఇక్కడే మొదలుకావాలి.

కణాలు ఉన్న ద్రవానికి పాత సమీకరణాలు వర్తించవన్నప్పుడు, వాటితోనే చేసిన ఈ లెక్కలు ఎలా చెల్లుతాయన్నది రెండవది. ఇది బలమైన ఆక్షేపణ. నిజంగానే కణాల వల్ల సమీకరణాలకు అందని అదనపు ఉష్ణబదిలీ జరుగుతుంటే పై అంకెలు మారతాయి. అయితే ఆ అదనపు భాగం ఉన్నదని చూపాలన్నా, ముందుగా ధర్మాల మార్పు వల్ల వచ్చే భాగాన్ని లెక్కగట్టి తీసివేయవలసిందే. పైగా పంపు శక్తి లెక్కకు ఈ ఆక్షేపణ వర్తించదు. పీడన నష్టాన్ని నేరుగా కొలవవచ్చు. దాన్ని ప్రవాహ పరిమాణంతో గుణిస్తే పంపు శక్తి వస్తుంది. ఏ సిద్ధాంతాన్నీ నమ్మవలసిన అవసరం లేదు.

7. ముగింపు

పరిశోధన పత్రాలలో తరచు కనిపించే వృద్ధి అన్న మాట ఒంటరిగా నిలబడదు. దేనితో పోల్చి, దేన్ని స్థిరంగా ఉంచి అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికినప్పుడే దానికి అర్థం వస్తుంది. ఈ పరిశీలన ఆధారంగా, ఇకమీదట ఈ అంశంపై వెలువడే సిద్ధాంత గ్రంథాలలోనూ పత్రాలలోనూ నాలుగు విషయాలు ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రయోగం జరిగిన ఉష్ణోగ్రత దగ్గరే కొలిచిన స్నిగ్ధతను, సూత్రం నుండి తీసుకున్న విలువను కాక, ప్రకటించాలి. సమాన రేనాల్డ్స్ సంఖ్య దగ్గరి ఫలితం పక్కనే సమాన పంపు శక్తి దగ్గరి ఫలితాన్ని చూపాలి. పట్టీ వంటి అదనపు ఏర్పాటు ఉన్నప్పుడు అదే ఏర్పాటులో నీటి ఫలితాన్ని ఆధారంగా తీసుకోవాలి. అసాధారణ వృద్ధి కనిపించినప్పుడు మరొక ప్రయోగశాలలో పునఃపరీక్ష జరగాలి.

వీటిలో మొదటి మూడింటికి కొత్త పరికరాలేవీ అక్కరలేదు. కూకట్‌పల్లి ప్రయోగశాలల వంటి చోట్ల ఇప్పటికే ఉన్న పీడన మాపకం, స్నిగ్ధతా మాపకం చాలు. కావలసింది మరొక గడిని పట్టికలో చేర్చడమే. ఆ గడి నిండినప్పుడు కొన్ని గొప్ప శాతాలు చిన్నవవుతాయి, కొన్ని నిలబడతాయి. నిలబడినవాటినే బేగంపేట భవనంలోని పంపు గదికి ధైర్యంగా తీసుకుపోగలం. అక్కడ మీటరు తిరిగేది రేనాల్డ్స్ సంఖ్యను బట్టి కాదు, ఖర్చయిన విద్యుత్తును బట్టి.